పక్క రోడ్డు కింద మెట్రో సొరంగం వస్తోంది, మా పాత బిల్డింగ్ సంగతేంటి? నేల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పాతమేడ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది నాలుగంతస్తుల పాత బిల్డింగ్, కట్టి నలభై ఏళ్లు దాటింది, ఇటుక గోడల మీదే నిలబడింది, పిల్లర్లు లేవు. మొన్న సర్వే వాళ్లు వచ్చి, సొరంగం మా ముందు రోడ్డు కింద నుంచి వెళ్తుందని, మా ముందు గోడకీ సొరంగం మధ్య గీతకీ దూరం 10 మీటర్లని, లోతు 20 మీటర్లని చెప్పారు. ప్రతి గదీ ఫొటోలు తీసి, గోడల మీద ఉన్న బీటలన్నీ కొలిచి రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆ బీటలు కొలవడం చూసినప్పట్నుంచి మా అమ్మకి నిద్ర పట్టడం లేదు, ఏమీ కానప్పుడు ఎందుకు కొలుస్తారు అంటుంది. నాకూ టెన్షన్ గానే ఉంది. అంత లోతులో తవ్వితే పైన ఇంటికి ఏమవుతుంది? "ఏం కాదులే" అన్న మాట ఇప్పటికే చాలామంది చెప్పారు. నేల లోపల అసలు ఏం జరుగుతుందో చెప్పండి చాలు.

నేలతీరు | సోమవారం, రాత్రి 10:40

మీ అమ్మగారు అడిగింది సరైన ప్రశ్నే. బీటలు కొలిచారంటే ఏదో అవుతుందని కాదు, ఏమైనా అయితే అది పాతదో కొత్తదో తేల్చడానికి. ఆ కాగితం కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇక నేల సంగతి. నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సొరంగం తవ్వేటప్పుడు, కావలసిన సైజు కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువ మట్టి బయటికి వచ్చేస్తుంది. తవ్వే ముఖం దగ్గర, అంటే యంత్రం ఎదురుగా ఉండే మట్టి గోడ దగ్గర, మట్టి కొంచెం లోపలికి ఒరుగుతుంది, యంత్రాన్ని కప్పి ఉంచే ఉక్కు పెంకు చుట్టూ కొంచెం దిగుతుంది, పెంకు ముందుకు జరిగాక సొరంగం గోడగా బిగించే కాంక్రీటు రింగుకీ మట్టికీ మధ్య మిగిలే సందులోకి ఇంకొంచెం జారుతుంది. ఈ మొత్తాన్ని మేం వాల్యూమ్ లాస్ అంటాం. ముఖాన్ని ఒత్తిడితో ఆపి పట్టే నేటి యంత్రాలతో బాగా చేస్తే ఇది తవ్విన పరిమాణంలో అర శాతం, కొంచెం అటూ ఇటూ అయితే ఒక శాతం. కింద తగ్గిన ఆ మట్టి లెక్క పైన కుంగుబాటుగా తేలుతుంది, ఒక పల్చటి పళ్లెం ఆకారంలో. రాల్ఫ్ పెక్ అనే ఇంజనీరు 1969లో ఈ ఆకారాన్ని గంట ఆకారపు వక్రరేఖతో లెక్కకట్టవచ్చని చూపించాడు, ఇప్పటికీ మొదటి అంచనా అదే.

మీ కేసే లెక్కేద్దాం. తవ్వే వ్యాసం ఆరున్నర మీటర్లు అనుకోండి, అడ్డుకోత 33 చదరపు మీటర్లు. ఒక శాతం అంటే మీటరు పొడవుకి మూడో వంతు ఘనపు మీటరు. బంకమట్టి అయితే 20 మీటర్ల లోతుకి ఆ పళ్లెం వెడల్పు కొలత, అంటే మధ్య గీత నుంచి వక్రరేఖ వంపు తిరిగే చోటికి దూరం, దాదాపు 10 మీటర్లు. నడి రోడ్డు మీద కుంగుబాటు 13 మిల్లీమీటర్లు వస్తుంది. మీ ముందు గోడ దగ్గర 8, ఇంటి వెనక గోడ ఇంకో 12 మీటర్ల వెనక ఉందనుకుంటే అక్కడ ఒక మిల్లీమీటరు. పని బాగా జరిగి అర శాతంతో సరిపెడితే ఇవన్నీ సగం.

కాబట్టి మీ ఇల్లు మొత్తంగా కుంగడం సమస్య కాదు, ముందు ఎక్కువ వెనక తక్కువ కుంగడం సమస్య. అది కూడా ఈ అంకెల్లో ఉంటే భయపడాల్సినంత కాదు. నాకు భయం వేసేది వేరే దాని గురించి, నీటి గురించి. అది తర్వాత రాస్తాను, పొద్దున్నే సైటుకి వెళ్లాలి.

ఎంటెక్_కుర్రాడు | సోమవారం, రాత్రి 11:25

సర్, ఇసుక నేల అయితే?

నేలతీరు | మంగళవారం, ఉదయం 6:05

ఇసుకలో పళ్లెం ఇరుకు, లోతు ఎక్కువ. పైన చెప్పిన లెక్కలోనే 10 మీటర్ల బదులు 6 వేసి చూడు, నడి రోడ్డు మీద 22 మిల్లీమీటర్లు అవుతుంది, పది మీటర్ల దూరంలో మాత్రం ఐదున్నరకి పడిపోతుంది. కానీ ఇసుకలో నిజమైన ప్రమాదం ఈ వక్రరేఖలో దొరకదు. ఇసుక, అందులోనూ నీళ్లున్న ఇసుక, ముఖం దగ్గర ఒత్తిడి తగ్గితే మెల్లగా ఒరగదు, ఇసుక గడియారంలో ఇసుకలా పారిపోతుంది. అప్పుడు పైకి పళ్లెం కాదు, పొగగొట్టంలా నిలువు గుల్ల పడుతుంది.

శ్రావణి_స్ట్రక్చర్స్ | మంగళవారం, మధ్యాహ్నం 1:18

పాతమేడ గారూ, నేను బిల్డింగుల వైపు నుంచి చెప్తాను.

నేలతీరు గారి పళ్లెంలో రెండు భాగాలుంటాయి. మధ్యలో గిన్నెలా లోపలికి వంగుతుంది, ఆ వంపు తిరిగే చోటు దాటాక బయటి అంచు వీపులా పైకి ఉబ్బినట్టు వంగుతుంది. మీ ముందు గోడ సరిగ్గా ఆ మలుపు దగ్గర మొదలై, ఇల్లంతా వీపు భాగంలో ఉంది. ఇటుక గోడలకి గిన్నె వంపు కాస్త నయం, అడుగున పునాదిని నేల రాపిడి పట్టి ఉంచుతుంది. వీపు వంపులో గోడ పైభాగం సాగుతుంది, పైన పట్టేవాళ్లు లేరు, అందుకే పిట్టగోడ నుంచి కిందికి బీట వస్తుంది. పైగా నేల కుంగడంతో పాటు సొరంగం వైపు పక్కకి కూడా జరుగుతుంది. మీ లెక్కలో ముందు గోడ 4 మిల్లీమీటర్లు రోడ్డు వైపు జరిగితే వెనక గోడ ఒకటింపావు జరుగుతుంది. అంటే 12 మీటర్ల ఇల్లు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగినట్టు, 0.02 శాతం పైచిలుకు.

ఇది ఎంత అనేది తెలియడానికి బర్లండ్ వర్గీకరణ అని ఒకటి వాడతాం, 0 నుంచి 5 దాకా. సాగడం 0.05 శాతం లోపు ఉంటే సున్నా తరగతి, వెంట్రుక సన్నం బీటలు, రంగు వేస్తే పోతాయి. ఒకటో తరగతిలో బీట ఒక మిల్లీమీటరు లోపు, రెండులో 5 మిల్లీమీటర్ల లోపు, తలుపులు కిటికీలు కొంచెం పట్టేయొచ్చు. మూడు నుంచి అసలు మరమ్మతు పని. వంపు వల్ల వచ్చే సాగుడు కూడా కలిపి చూసినా మీ అంకెలు సున్నా, ఒకటి మధ్యే తిరుగుతాయి.

ఒక్కటి అడగాలి. గోడలు సిమెంటుతో కట్టారా, సున్నంతోనా? సున్నం గారకి కాస్త సాగే గుణం ఉంటుంది, సన్న కదలికని చాలా అతుకుల్లో పంచేసుకుంటుంది. సిమెంటు గట్టిది, అంతా ఒకే చోట బీటగా చూపిస్తుంది. ఇంకోటి, తర్వాత కలిపి కట్టిన గది ఏదైనా ఉందా? రెండు వేరే పునాదుల మధ్య అతుకు దగ్గరే మొదట తెలుస్తుంది.

పాతమేడ | మంగళవారం, రాత్రి 8:50

శ్రావణి గారూ, నేలతీరు గారూ, మొదటిసారి ఎవరో అంకె చెప్పారు, చాలా థాంక్స్. అమ్మకి 8 మిల్లీమీటర్లంటే ఎంతో స్కేలు మీద చూపించాను, అంతేనా అంది. గోడలు సిమెంటువే. వెనక వంటగది తర్వాత కట్టిందే, పదిహేనేళ్లయింది, ఇప్పటికే ఆ అతుకు దగ్గర సన్న గీత ఉంది.

సందేహం | మంగళవారం, రాత్రి 10:02

లెక్కలు బాగున్నాయి, కానీ కాగితం మీద లెక్కలన్నీ బాగానే ఉంటాయి కదా. జర్మనీలోని కొలోన్‌లో 2009 మార్చిలో నగర ఆర్కైవ్ భవనం మొత్తం కూలి ఇద్దరు చనిపోయారు. కోల్‌కతా బౌబజార్‌లో 2019 ఆగస్టు చివర్న ఇళ్లు కూలాయి. సింగపూర్‌లో 2004లో రోడ్డే లోపలికి పోయింది, నలుగురు పోయారు. వాళ్ల దగ్గర ఇంజనీర్లు లేరా, లెక్కలు లేవా? ఇంకా లోతుకి, గట్టి బండలోకి పోతే ఈ గొడవే ఉండదుగా, ఎందుకు పోరు?

షిఫ్ట్_ఇంజనీర్ | బుధవారం, తెల్లవారుజామున 4:31

ఇప్పుడే షిఫ్ట్ దిగాను, యంత్రం మీదే నా ఉద్యోగం. సందేహం గారి ప్రశ్న న్యాయమైనదే, నాకు తెలిసింది చెప్తాను.

ముందు లోతు. లోతుకి పోతే పళ్లెం వెడల్పు పెరిగి పైన కుంగుబాటు తగ్గుతుంది, నిజమే. కానీ నీటి ఒత్తిడి ప్రతి పది మీటర్లకీ ఒక బార్ పెరుగుతుంది. యంత్రం ముందు పళ్లు అరిగిపోతే మనుషులు ఆ ముఖం దగ్గరికి వెళ్లి మార్చాలి, మెత్త నేలలో అయితే గాలి ఒత్తిడితో నీటిని వెనక్కి తోసి, ఆ ఒత్తిడి గదిలో పని చేసి, సముద్రం లోతుకి దిగే డైవర్లలాగా మెల్లగా ఒత్తిడి తగ్గించుకుంటూ బయటికి రావాలి. తొందరపడితే రక్తంలో నత్రజని బుడగలు కడుతుంది. లోతు పెరిగేకొద్దీ లోపల పని చేయగలిగే సమయం తగ్గి, బయటికి వచ్చే సమయం పెరుగుతుంది. స్టేషన్ కూడా అంత లోతుకి దిగాలి, నిప్పంటుకుంటే జనం అంత పైకి ఎక్కాలి. ఇక బండ ఉంటే ఫర్వాలేదు, కానీ చాలాచోట్ల బండ పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది, సొరంగంలో కింది సగం బండ, పై సగం మెత్త మట్టి. మాకు అంతకంటే కష్టమైన నేల లేదు. కింద బండని కొట్టాలంటే నెమ్మదిగా తిరగాలి, ఆ తిరిగినంతసేపూ పైనున్న మెత్త మట్టి లోపలికి వస్తూనే ఉంటుంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఏ నగరం, ఏ కంపెనీ అన్నది వద్దు. రాత్రి షిఫ్ట్. రింగుకి మీటరున్నర తవ్వితే మా లెక్కలో నేలలో ఉన్నట్టుగా 50 ఘనపు మీటర్ల మట్టి రావాలి. తవ్వాక మట్టి వదులై ఉబ్బుతుంది కాబట్టి పరిమాణం నమ్మలేం, బెల్టు మీద బరువు చూస్తాం. ఆ రాత్రి వరసగా మూడు రింగులకి బరువు పది శాతం చొప్పున ఎక్కువ వచ్చింది. మొదటి రింగుకి బెల్టు తూకం తప్పేమో అనుకున్నాం. రెండో రింగుకి మట్టిలో నీళ్లెక్కువున్నాయి అనుకున్నాం. మూడో రింగుకి నా కడుపులో తిప్పడం మొదలైంది. ఆపాలని అప్పుడు చెప్పాను, మొదటి రింగుకే చెప్పాల్సింది. పైన రోడ్డు మూయించి బోరు వేసి చూస్తే తారు కింద నాలుగు మీటర్ల దగ్గర గుల్ల, లోపలికి టార్చి వేస్తే వెలుతురు అవతలి అంచుకి తగల్లేదు. తెల్లారేలోపు పల్చటి సిమెంటు కలిపి నింపారు. ఆ రోడ్డు మీద పొద్దున ఏడింటికి స్కూలు బస్సులు తిరుగుతాయి. ఇప్పటికీ బరువు అంకె కొంచెం కదిలితే ఆ రాత్రి గుర్తొస్తుంది.

గుల్ల పడిన రోజే రోడ్డు కూలదు, అది గుర్తుంచుకోవాలి. మెల్లగా పైకి పైకి రాలుతూ వస్తుంది, వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. యంత్రం వెళ్లిపోయింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నాక.

బోరు_సూపర్‌వైజర్ | బుధవారం, ఉదయం 9:47

సందేహం గారు "లెక్కలు లేవా" అన్నారు. లెక్క ఉంటుంది, లెక్కలోకి వేసే నేల మాత్రం సగం ఊహ. నేను మట్టి పరీక్షల బోర్లు వేయిస్తాను. పది సెంటీమీటర్ల రంధ్రం ఒకటి ఇక్కడ, ఇంకొకటి యాభై మీటర్లకో వంద మీటర్లకో అక్కడ. లోపల గొట్టం దింపి, 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతాం, 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతాం. నాలుగు దెబ్బలకే దిగితే మెత్తన, యాభై కొట్టినా దిగకపోతే గట్టిది. ఆ దెబ్బల లెక్క నుంచే డిజైన్ అంకెలు చాలా వరకు పుడతాయి. రెండు బోర్ల మధ్య గీత గీసి పొరలు కలిపేస్తారు. ఆ మధ్యలో పాత వాగు పారిన దారి ఉంటే, దాన్ని పూడ్చి ఎవరో ఇళ్లు కట్టేసి ఉంటే, మా బోరుకి తెలియదు. అందుకే పాత మ్యాపులు చూడమని, ముసలివాళ్లని అడగమని నేను ప్రతిసారీ పోరుతుంటాను.

మనుషులు చేసిన గుంతలు ఇంకా ప్రమాదం. సియాటిల్‌లో 2013 డిసెంబరులో 17.5 మీటర్ల వ్యాసం ఉన్న రోడ్డు సొరంగం యంత్రం నేలలో ఉన్న ఉక్కు బావి గొట్టాన్ని తగిలింది, ఆ తర్వాత కొద్ది రోజులకే ఆగిపోయింది, మరమ్మతులు చేసి మళ్లీ కదిలించేసరికి రెండేళ్లు. పాత బావులు, వదిలేసిన బోర్లు సరిగా పూడ్చకపోతే యంత్రం ఒత్తిడితో పంపే నురగ, బెంటొనైటు అనే బంకమట్టి ద్రవం వాటి గుండా పైకి తన్నుకొస్తాయి. ఒత్తిడి అలా పోయిందంటే ముఖం పట్టు తప్పుతుంది.

పాతమేడ గారూ, మీ ఆవరణలో బావి ఏదైనా ఉందా, లేక ఉండేదా?

పాతమేడ | బుధవారం, ఉదయం 11:15

ఉండేది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు పూడ్చేశారు. ముందు వరండా పక్కనే, గేటుకి దగ్గరగా. చెత్త, ఇటుక ముక్కలు, ఏవేవో వేసి పైన గచ్చు చేసేశారు. సర్వే వాళ్లు అడగలేదు, నాకూ గుర్తు రాలేదు. లోతు ఎంతో అమ్మని అడగాలి.

బోరు_సూపర్‌వైజర్ | బుధవారం, ఉదయం 11:22

ఇవాళే లిఖితపూర్వకంగా ఇవ్వండి. స్కెచ్ వేసి, గోడ నుంచి ఎంత దూరమో కొలిచి. నోటి మాటగా చెప్పకండి.

నేలతీరు | బుధవారం, సాయంత్రం 7:30

బావి సంగతి బయటపడడం చాలా మంచిదైంది. బోరు_సూపర్‌వైజర్ గారు అడక్కపోతే నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఇప్పుడు నీటి గురించి, సందేహం గారు చెప్పిన ప్రమాదాల గురించి కలిపి రాస్తాను, ఎందుకంటే రెండూ ఒకటే కథ. ఆ జాబితా మళ్లీ చూడండి. కొలోన్‌లో కూలింది సొరంగం కాదు, దాని కోసం తవ్విన పెద్ద గుంత పక్క డయాఫ్రం గోడలో, అంటే గుంత తవ్వే ముందు నేలలో పోసే కాంక్రీటు గోడలో, లోపం, అందులోంచి నీళ్లూ ఇసుకా లోపలికి పోయి భవనం కింద నేల ఖాళీ అయింది. షాంఘైలో 2003 జులైలో నాలుగో లైను దగ్గర రెండు సొరంగాల్ని కలిపే అడ్డదారి తవ్వుతున్నారు, చుట్టూ మట్టిని మంచులా గడ్డకట్టించి. ఆ గడ్డ నిలవలేదు, నదీ తీరపు ఇసుక నీటితో సహా లోపలికి వచ్చింది, పైన భవనాలు కుంగాయి. మ్యూనిక్‌లో 1994లో తలమీదున్న పల్చటి గట్టి పొర పగిలి, పైనున్న గులకరాళ్ల పొరలోని నీరు దిగి రోడ్డు మీద బస్సు గుంతలో పడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2008లో స్టేషన్ గోడ అతుకులోంచి నీరు ఇసుకని మోసుకొచ్చి పక్క ఇళ్లు కుంగాయి. కోల్‌కతాలో యంత్రం నీటిపొరని తాకింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, మనం నగరం కింద తవ్వే ప్రతి గుంతా చుట్టుపక్కల నీటికి కొత్త పల్లం. ఒట్టి నీరు వస్తే పంపు పెట్టి తోడొచ్చు. నీటితో పాటు మట్టి వస్తే నేల వెళ్లిపోతున్నట్టు. సైటులో ఊట కనిపిస్తే నేను మొదట అడిగేది, నీళ్లు తేటగా ఉన్నాయా, మురికిగా ఉన్నాయా అని.

ఇంకో విషయం గమనించండి. వీటిలో చాలా వరకు యంత్రం నడిమధ్య దారిలో సాఫీగా పోతున్నప్పుడు జరగలేదు. స్టేషన్ గుంతలు, అడ్డదారులు, చేత్తో తవ్వే చోట్లు, అతుకులు. అడ్డదారులు తప్పవు, ప్రమాదం జరిగితే ఒక సొరంగంలోంచి ఇంకోదాంట్లోకి జనం పారిపోవాలి, చాలా దేశాలు అనుసరించే అమెరికన్ అగ్ని భద్రతా ప్రమాణంలో వాటి మధ్య దూరం 244 మీటర్లు మించకూడదని ఉంది. కానీ ప్రతి అడ్డదారీ అంటే బిగించిన రింగుని కోసి, ఏ రక్షణ పెంకూ లేకుండా నేలలోకి అడుగుపెట్టడమే.

సింగపూర్ నికోల్ హైవే మాత్రం వేరే పాఠం. అది 2004 ఏప్రిల్ 20. సముద్రపు బంకమట్టి, చాలా మెత్తన, ముప్ఫై మీటర్ల లోతు గుంత. కంప్యూటర్ నమూనాలో మట్టి బలాన్ని తీసుకున్న పద్ధతి తప్పు, నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపించింది. దాంతో గోడ మీద భారం తక్కువగా తేలింది. అడ్డంగా పెట్టిన ఉక్కు దూలాల చివర అతుకులు కూడా చాలినంత బలంగా లేవు. గోడ అనుకున్నదానికంటే ఎక్కువ వంగుతోందని కొలతలు ముందే చెప్తూ వచ్చాయి. హద్దు అంకె మార్చుకుంటూ పని సాగించారు. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పరికరం తన పని తాను చేసింది.

షిఫ్ట్_ఇంజనీర్ | బుధవారం, రాత్రి 9:05

నేలతీరు గారూ, మీ మాటకి అడ్డు చెప్పడం కాదు గానీ, యంత్రం నడిమధ్య సాఫీ అన్నది పూర్తిగా ఒప్పుకోను. మూడు రింగుల కథ నడిమధ్యే జరిగింది. పేపర్లో రాలేదు కాబట్టి జాబితాలో లేదు, అంతే. రింగు వెనక సందులో గ్రౌటు, అంటే సందు నింపే సిమెంటు ద్రవం, సరిగా నిండకపోవడం, ఆపి ఉంచినప్పుడు ఒత్తిడి మెల్లగా తగ్గిపోవడం, బంకమట్టి పళ్లకి అంటుకుని గట్టి ముద్దయిపోవడం, ఇవి రోజూ ఉండేవి. గ్రౌటు రెండు ద్రవాలుగా పంపి యంత్రం తోక దగ్గర కలుపుతాం, కొన్ని సెకన్లలో జెల్లీ అవుతుంది. గొట్టం మూసుకుపోయి నాలుగు చోట్ల బదులు మూడు చోట్లే పోస్తే ఆ ఒక్క మూల ఖాళీ పైన మిల్లీమీటర్లుగా తేలుతుంది.

నేలతీరు | బుధవారం, రాత్రి 9:40

ఒప్పుకుంటున్నాను. బయటికి రాని ప్రమాదాలు నా జాబితాలో లేవు, ఆ మాట సరిగ్గా పట్టుకున్నారు.

ఎంటెక్_కుర్రాడు | గురువారం, మధ్యాహ్నం 3:10

రెండు చిన్న సందేహాలు. సొరంగం లోపల ఖాళీ కదా, నీళ్లున్న నేలలో పైకి తేలదా? భూకంపం వస్తే?

శ్రావణి_స్ట్రక్చర్స్ | గురువారం, సాయంత్రం 6:44

తేలాలనే చూస్తుంది. బయటి వ్యాసం 6.3 మీటర్లు, కాంక్రీటు మందం 275 మిల్లీమీటర్లు అనుకో. మీటరు పొడవుకి 31 టన్నుల నీటిని తొలగిస్తుంది, రింగు బరువు 13 టన్నులే. మిగతా 18 టన్నులు పైకి తోసే బలం, దాన్ని పైనున్న మట్టి బరువు పట్టి ఉంచాలి. నీటిలో మునిగిన మట్టి బరువు ఘనపు మీటరుకి ఒక టన్ను లోపే, కాబట్టి మూడు మూడున్నర మీటర్ల మట్టి కేవలం లెక్క సరిపెట్టడానికే కావాలి, భద్రత కోసం ఇంకా ఎక్కువ. నది కింద, చెరువు కింద పోయేటప్పుడు ఇదే పెద్ద లెక్క. కోల్‌కతాలో హుగ్లీ నది కింద 520 మీటర్లు ఇలాగే దాటారు. థేమ్స్ కింద 1825లో మొదలెట్టిన మార్క్ బ్రూనెల్‌కి పైన మట్టి పల్చనై 1827లో, 1828లో నది లోపలికి వచ్చేసింది, నదీగర్భంలో పడిన గుంతని బంకమట్టి సంచులతో పూడ్చుకుంటూ చివరికి 1843లో తెరిచాడు.

భూకంపంలో గుండ్రటి లోతు సొరంగాలు నేలతో పాటు ఊగుతాయి, మామూలుగా నిలబడతాయి. తక్కువ లోతులో పెట్టెలా కట్టిన స్టేషన్లకి కష్టం. కోబెలో 1995 జనవరి 17న దైకాయ్ స్టేషన్ మధ్య స్తంభాలు విరిగి పైకప్పు కూలింది, పైన రోడ్డు రెండున్నర మీటర్ల దాకా కుంగింది.

సందేహం | గురువారం, రాత్రి 10:20

బావి ప్రశ్న, మూడు రింగుల కథ చదివాక నా మొదటి పోస్టు స్వరం కొంచెం దురుసుగా ఉందనిపించింది, మన్నించండి. ఒకటి అడుగుతాను. ఇల్లు నిజంగా కుంగడం మొదలైతే ఆపడానికి దారి ఉందా, లేక కొలుస్తూ కూర్చోవడమేనా?

నేలతీరు | శుక్రవారం, ఉదయం 6:20

ఉంది. లండన్‌లో జూబిలీ లైను పొడిగింపు కోసం 1990ల్లో వెస్ట్‌మినిస్టర్ స్టేషన్‌కి 39 మీటర్ల లోతు తవ్వారు, బిగ్ బెన్ గోపురం పక్కనే. గోపురం పునాదికీ సొరంగాలకీ మధ్య నేలలోకి ముందే అడ్డంగా గొట్టాలు దింపి పెట్టుకున్నారు. గోపురం ఒరుగు హద్దుకి దగ్గరైనప్పుడల్లా ఆ గొట్టాల గుండా లెక్కగా గ్రౌటు ఎక్కించి కుంగినంత మేర నేలని లేపారు. దీన్ని కాంపెన్సేషన్ గ్రౌటింగ్ అంటారు. అన్ని ఇళ్లకీ చేయరు, ఖర్చు, పైగా మెత్త నేలలో అతిగా ఎక్కిస్తే నష్టమే. మామూలు ఇళ్లకి యంత్రాన్ని సరిగా నడపడమే అసలు రక్షణ.

కానీ నేను చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకా మిగిలే ఉంది. పాతమేడ గారూ, మీకు స్టేషన్ ఎంత దూరం? స్టేషన్ గుంతలో నీళ్లు నెలల తరబడి తోడితే చుట్టూ నీటిమట్టం పడిపోతుంది. నీరు మీటరు దిగితే నేల మీద అదనంగా చదరపు మీటరుకి ఒక టన్ను భారం పెట్టినట్టు, ఎందుకంటే అప్పటిదాకా నీరు మోసిన భారం మట్టి మీద పడుతుంది. బంకమట్టిలో నీరు మెల్లగా బయటికి పోతుంది కాబట్టి ఆ కుంగుబాటు నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగుతుంది, వందల మీటర్ల దూరం వెళ్తుంది. మెక్సికో నగరం ఇన్నేళ్లుగా కుంగుతున్నది నీళ్లు తోడడం వల్లే. సొరంగం మీ ముందు నుంచి రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతుంది. నీటిమట్టం మాత్రం ఎవరూ చూడకుండా దిగుతూ ఉంటుంది. అందుకని మీ వీధిలో నేలలోని నీటిమట్టం కొలిచే పీజోమీటర్ ఉందా, దాని రీడింగ్ ఎంత అని అడగండి. జనం బీటల గురించి అడుగుతారు, ఈ అంకె గురించి ఎవరూ అడగరు.

పాతమేడ | శుక్రవారం, రాత్రి 9:00

స్టేషన్ మాకు 180 మీటర్లు. అడుగుతాను. బావి గురించి కాగితం ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. అమ్మకి గుర్తున్నదాన్ని బట్టి లోతు ముప్ఫై అడుగుల పైనే.

పాతమేడ | ఏడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 10:30

మీరంతా ఎదురుచూస్తూ ఉంటారో లేదో గానీ, చెప్పడం నా బాధ్యత.

బావి దగ్గర వాళ్లు బోరు వేశారు. తొమ్మిది మీటర్ల దాకా వదులు చెత్తే, మధ్యలో ఒక చోట రాడ్డు దానంతటదే జారిపోయింది. రెండు రోజులు గ్రౌటు పట్టించారు, నేను లెక్కపెట్టలేదు గానీ డ్రమ్ములు వస్తూనే ఉన్నాయి. వరండా పక్కన ఇన్నాళ్లూ మా పిల్లలు ఆడుకున్న చోటు అది.

యంత్రం పోయిన నెల మా ముందు నుంచి వెళ్లింది. ఆ మూడు రాత్రులు అమ్మా నేనూ పడుకోలేదు, ఏదో మెల్లగా గురగురమన్నట్టు అనిపించింది, గ్లాసులో నీళ్లు కూడా కదల్లేదు. ముందు గోడ 4 మిల్లీమీటర్లు, వెనక గోడ సున్నా. నేలతీరు గారు అర శాతం అయితే సగం అన్నారు, సరిగ్గా అంతే. వంటగది అతుకు దగ్గర గీత అర మిల్లీమీటరు పెరిగింది, శ్రావణి గారు చెప్పిన చోటే.

పీజోమీటర్ గురించి అడిగితే మొదట వింతగా చూశారు, తర్వాత ఒక అమ్మాయి వచ్చి ఓపిగ్గా చూపించింది. మా వీధి చివర ఒకటుంది. పని మొదలైనప్పటి నుంచి 70 సెంటీమీటర్లు దిగింది.

నేలతీరు | ఆదివారం, ఉదయం 11:05

చాలా సంతోషం. ఆ 70 సెంటీమీటర్లకి హద్దు అంకె ఎంత పెట్టుకున్నారో అడగండి, అది దాటితే ఏం చేస్తారో కూడా. తోడిన నీళ్లని తిరిగి నేలలోకి దింపే బావులు పెట్టమని అడగొచ్చు, చాలా చోట్ల చేస్తారు. స్టేషన్ అడుగు స్లాబు పోసి పంపులు ఆపేదాకా వారానికోసారి గోడ కొలత, నీటి కొలత రెండూ ఒకే నోటుబుక్కులో రాయండి.

షిఫ్ట్_ఇంజనీర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

4 మిల్లీమీటర్లు చూసి నాకే గర్వంగా ఉంది, ఆ యంత్రం మీద ఉన్నవాళ్లెవరో తెలియకపోయినా. మా అమ్మగారికి నమస్కారం చెప్పినట్టు మీ అమ్మగారికి చెప్పండి.

పాతమేడ | ఆదివారం, సాయంత్రం 5:48

చెప్పాను. నోటుబుక్కు అమ్మే పెట్టింది, తనే రాస్తుందట. మొదటి వరుస ఇది: ముందు గోడ 4, వంటగది బీట అర, నీరు 70. వచ్చే ఆదివారం రెండో వరుస ఇక్కడ పెడతాను.